పాపం ఎవరి ఖాతాలో?

మా అనంతపురం చెనిక్కాయ చేలల్లో వానకు కరువు గానీ పాములకు లేదు. నర్సుగా నేను చూసినవాటిలో ఎక్కువ రక్తపింజర కాట్లే. గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు పెడతాం. వంచితే నీళ్లలా జారిందంటే విషం ఎక్కినట్టే. మొదటి విడతగా మామూలుగా 10 వయల్స్ విరుగుడు మందు ఎక్కించాలి. నేను పనిచేసిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మేనేజరు, "అడ్వాన్సు కట్టేదాకా నాలుగు చాల్లేమ్మా" అన్నాడు. ఆయన చదివింది బీకాం. డ్యూటీ డాక్టరు తల దించుకున్నాడు.

చేసినవాడు, చేయించినవాడు, ఉసిగొల్పినవాడు, సరేనన్నవాడు నలుగురికీ ఫలం సమానమేనంటారు పెద్దలు. నాకది మింగుడుపడదు. రోగిని తాకనివాడికి తన తప్పు తెలిసే దారేది? తెలిసీ ఊరుకున్న డాక్టరుదే బరువెక్కువ.

అలాగని వైద్యం చదవనివాళ్లకు ఆసుపత్రిలో బాధ్యతే ఉండదా? 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ డాక్టరు కాదు, ఒకప్పటి జెసూట్. ఆయన స్థాపించిన ఆర్‌డీటీ సంస్థే బత్తలపల్లిలో పెద్దాసుపత్రి కట్టింది. ఫ్రిజ్‌లో విరుగుడు మందు నిండుకోకుండా చూడటం మేనేజరు పనే, దానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. అక్కడ లెక్క తప్పినా ప్రాణం పోతుంది. ఆ పాపంలోకి డాక్టరును లాగడం మాత్రం అన్యాయం.