సానరాతిపై ముక్కు

తలయెత్తక శ్రమించువాని గూర్చి, ముక్కును సానరాతికి ఆనించియున్నాడని ఆంగ్లేయులు మెచ్చుకోలుగా చెప్పుదురు. తొలుత అది మెప్పు కాదు. 1533లో లండను స్మిత్‌ఫీల్డునందు సజీవదహనము పొందిన సంస్కర్త జాన్ ఫ్రిత్, అంతకు ముందటి యేటి తన రచనలో ఈ జాతీయమును వాడెను. ఒక లేఖన వాక్యము ప్రతిపక్షుల ముక్కులను సానరాతికి అదిమి, వారి ముఖములనే వికృతపరచుచున్నదని ఆయన భావము. అనగా అది ఒకరు మరియొకరిని పట్టి అదుముట. శ్రద్ధ కాదు, శిక్ష.

కాలక్రమమున ఆ అదుము చేయి మాటలోనుండి జారిపోయెను. ముక్కు మాత్రము రాతియొద్దనే నిలిచెను; పనివాడే తన్ను తాను వంచుకొనినట్లు అర్థము మారెను. ఇచ్చట కొంత నిదానింపవలెను. కూలివాని వంగిన వీపును చూచి "ఎంత శ్రద్ధ!" యని మెచ్చు యజమానుడు, ఆ మెడమీదనున్నది ఎవరి చేయియో విచారించునా? బహుశః అది తన చేయియే కావచ్చును. ఐగుప్తులో ఇశ్రాయేలీయుల మూలుగును దేవుడు వినెను. వారికి గడ్డి ఇయ్యక, ఇటుకల లెక్క తగ్గింపక, ఫరో వారిని సోమరులనెను.