సంతకం పెట్టే ముందు

చి.సౌ. అమ్మాయికి,



నీ నెలసరి గతి తప్పిందనీ, వస్తే పది రోజులు వదలడం లేదనీ, రాత్రిళ్లు చెమటలు పట్టి లేచి కూర్చుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. గర్భసంచి తీయించుకుంటే పీడ పోతుందని నలుగురూ అన్నారట, నువ్వూ ఆపరేషనుకు సిద్ధపడ్డావట. ఫోను చేస్తే ‘సరే పెద్దమ్మా’ అని పెట్టేస్తావు. ఉత్తరమైతే మళ్లీ తీసి చదువుకుంటావని రాస్తున్నాను.

ముందు నీ ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకో. ముట్లు ఆగబోయే ఈ వయసులో అండాశయాల పని మందగిస్తుంది. అవి తయారుచేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఒకరోజు ఎక్కువగా, ఒకరోజు తక్కువగా తయారై చివరికి బాగా పడిపోతుంది. ఆవిర్లు, నిద్రలేమి, చిరాకు, మతిమరుపు, మూత్రంలో మంట, భర్తతో కలిసినప్పుడు నొప్పి, వీటిలో చాలావాటికి మూలం అక్కడే ఉంది. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకు ముట్లు ఆగుతాయి. ఆగే ముందు కొన్నేళ్లు ఇలా తడబడతాయి. వరుసగా పన్నెండు నెలలు రాకపోతేనే ఆగినట్టు లెక్క. అప్పటిదాకా గర్భం వచ్చే అవకాశమూ ఉంటుంది, జాగ్రత్త.

ఇక ఆపరేషను సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఎనిమిది మందికి పైనే తేలారు. మన ఆడవాళ్లకు మాత్రమే ఇన్ని జబ్బులా? పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముందనే మాట, ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుందనే భయం, కూలికి పోయే మనిషికి నెలనెలా బాధ తప్పుతుందనే ఆశ, ఇవన్నీ కలిసి మనవాళ్లను ఆపరేషను బల్ల ఎక్కిస్తున్నాయి. అవసరం లేని ఈ ఆపరేషన్ల మీద 2023లో సుప్రీంకోర్టే అన్ని రాష్ట్రాలకూ కేంద్ర మార్గదర్శకాలు పాటించమని చెప్పవలసి వచ్చింది.

గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే, కొన్నేళ్లలో నెమ్మదిగా రావలసిన మార్పు ఒక్కరోజులో మీద పడుతుంది. చిన్న వయసులోనే అలా జరిగితే ఎముకలకూ గుండెకూ ముప్పు. అండాశయాలు ఉంచినా, అవి కాస్త ముందుగానే పని మానేయవచ్చు. ఆపరేషనే వద్దని నేననను. క్యాన్సర్ ఉన్నా, గర్భసంచిలో గడ్డలు పెద్దవైనా, మందులకు లొంగకుండా రక్తం పోతున్నా అదే సరైన దారి కావచ్చు. అది చివరి మెట్టు కావాలి, మొదటిది కాకూడదు.

కాబట్టి ముందు రక్తం ఎంత ఉందో చూపించుకో, థైరాయిడ్ పరీక్ష, స్కానింగ్ చేయించుకో. డాక్టరు అవసరమంటే గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపుతారు. రక్తస్రావం తగ్గడానికి మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోను లూప్ ఉంది. ఆవిర్లు మరీ భరించలేకపోతే హార్మోను చికిత్స గురించి అడుగు. అరవై దాటనివాళ్లలో, ముట్లు ఆగి పదేళ్లు కానివాళ్లలో చాలామందికి దానివల్ల మేలే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకూ, రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టినవాళ్లకూ సాధారణంగా ఇవ్వరు. ఎవరో వాడారని నువ్వు కొనుక్కోవద్దు. ఇంకొక మాట బాగా గుర్తుపెట్టుకో: ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ముట్లు ఆగిన తొలి ఏళ్లలోనే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. పొద్దున రాగిజావ, రోజూ పెరుగు, వారానికి నాలుగు రోజులు నువ్వులపొడి మానకు. చురుగ్గా నడువు, బిందె మోసే బలం పోనివ్వకు. బీపీ, షుగరు చూపించుకుంటూ ఉండు.

అన్నిటికన్నా ముఖ్యం, నోరు మూసుకుని భరించకు. అందరికీ వండిపెట్టి, అందరి జ్వరాలూ చూసి, మన బాధ చెప్పుకోవడానికి మాత్రం సిగ్గుపడతాం. అది ఓర్పు కాదమ్మా, మనకు మనం చేసుకునే అన్యాయం. మీ ఆయనను కూర్చోబెట్టి చెప్పు. కాలేజీకి పోయే కొడుక్కీ చెప్పు, రేపు అతని భార్యకు అది పనికొస్తుంది.

నీ శరీరం మీద నిర్ణయం నీదే. ఆ నిర్ణయం భయంతో కాకుండా తెలివిడితో తీసుకో. ఇంకొక లేడీ డాక్టరుకు నీ కాగితాలన్నీ చూపించి, ఆమె మాట విన్నాకే ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టు. తోడు రమ్మంటే నేనొస్తాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ