పెట్టె తెచ్చిన తెలివి ఎవరిది?

గల్ఫ్‌లో చనిపోయిన కూలీని ఊరికి చేర్చే సేవలో డబ్బు కంటే ముందు కావాల్సింది కాగితాల వరస తెలిసిన మనిషి. గొల్లపల్లి మొదలు కోరుట్ల, సిరిసిల్ల దాకా దుబాయ్, మస్కట్, సౌదీ బాట పట్టని ఊరు అరుదు. అందుకే ఈ తెలివిడి ఇక్కడ బతుకవసరం. అది ఎవరి సొత్తు అన్నది మాత్రం ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

ఆసుపత్రి ఇచ్చే మరణ ధ్రువపత్రం, పోలీసుల అనుమతి, కఫీల్ (వీసా పూచీ పడ్డ యజమాని) దగ్గర తేలాల్సిన జీతం బాకీ, ఫలానావారికి అధికారమిస్తున్నామని ఇంటివాళ్లు నోటరీ చేయించి పంపే పత్రం, పాస్‌పోర్టు రద్దు చేసి రాయబార కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, శవం చెడకుండా మందు పట్టించినట్టు రుజువు, ఆపైన విమానం కార్గో. దేశాన్ని బట్టి ఈ వరస కొంత మారుతుంది. చనిపోయినవాడు ఖల్లివెల్లి అయితే, అంటే కఫీల్‌ను విడిచి బయటపడ్డవాడైతే, మొదటి కాగితం దగ్గరే చిక్కు. ఖర్చు భరించే దిక్కు లేనప్పుడు భారత ప్రభుత్వం 2009లో పెట్టిన సంక్షేమ నిధి నుంచి రాయబార కార్యాలయం సాయం చేయగలదు. ఈ సంగతి తెలియని ఇల్లు మిత్తికి అప్పు తెస్తుంది.

దిక్కులేని శవానికి సంస్కారం చేస్తే కోటి యజ్ఞాల ఫలమని హిందూ సంప్రదాయం. ఇస్లాంలో శవానికి స్నానం చేయించి ఖననం చేయడం ఫర్జ్ కిఫాయా: కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది, ఎవరూ చేయకపోతే పాపం అందరిదీ. రెండింట్లో ఈ రెండోదే ఇక్కడ బాగా పనికొస్తుంది. పుణ్యం ఒకరి ఖాతాలో పడుతుంది. ఫర్జ్ కిఫాయా ఊరంతటి మెడకు చుట్టుకుంటుంది. చేసే విధానమే తెలియకపోతే బాధ్యత తీరే దారి లేదు కాబట్టి, తెలిసినవాడు చెప్పడం కూడా అందులో భాగమే.

గుప్తదానమే గొప్పదన్న మాట ఇక్కడ అడ్డొస్తుంది. అది ఇచ్చినవాడి పేరుకు వర్తిస్తుంది గానీ ఇచ్చిన పద్ధతికి కాదు. ఆచరణలో తలకిందులవుతోంది: శవపెట్టె పక్కన నిలబడ్డ ఫొటో పత్రికకెక్కుతుంది, ఏ కాగితం దగ్గర పదిహేను రోజులు ఆగిపోయిందో ఎవరూ రాయరు. అక్కడ సేవ చేసే మనిషి ఊరికి తిరిగొచ్చేస్తే ఆ అనుభవమూ అతనితోనే వచ్చేస్తుంది.

పెద్ద సంస్థలదీ ఇదే జబ్బు. 1994 రువాండా మారణహోమం తర్వాతి సహాయాన్ని అనేక దేశాలు కలిసి సమీక్షించి, లోపాలను 1996లో బయటపెట్టాయి. మరుసటేడు, సహాయ సంస్థలు ఒకరి అనుభవం నుంచి ఒకరు నేర్చుకోవడానికి అల్నాప్ అనే వేదిక పుట్టింది.

నేర్చుకున్నది అప్పే అన్న ఊహ మనకు కొత్త కాదు: ఋషిరుణం బ్రహ్మచర్యంతో, అంటే వేదం చదువుకునే విద్యార్థి జీవితంతో, తీరుతుందని తైత్తిరీయ సంహిత. అక్కడ ఋణదాతలు ఋషులు. ఇక్కడ పాఠానికి మూల్యం చెల్లించింది చచ్చిపోయిన కూలీ, అతని ఇల్లు. అలాంటి పాఠాన్ని ఏ సంఘమూ తన ఆస్తిగా దాచుకోకూడదు. దేశానికొక పేజీ చొప్పున తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించడానికి అయ్యేది కాగితం ఖర్చే.