రైమన్ వేదిక: పాట వల్ల పవిత్రత

అమెరికాలోని నాష్‌విల్ నగరానికి వెళ్లే కంట్రీ సంగీతాభిమానులు తప్పక చూసే రైమన్ ఆడిటోరియం మొదట ప్రార్థనా మందిరం. 1885లో శామ్ జోన్స్ అనే బోధకుడి ప్రసంగం విని మనసు మారిన పడవల వ్యాపారి టామ్ రైమన్ దాని నిర్మాణానికి పూనుకున్నాడు. 1892లో అది పూర్తయింది. 1943 నుంచి 1974 దాకా 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అనే కంట్రీ సంగీత రేడియో కార్యక్రమం అక్కడే జరిగింది.

తాగుడు, ఎడబాటు, ఒంటరితనం గురించిన పాటలు దైవమందిరంలో వినిపిస్తే దాని పవిత్రత పోతుందా? పోదనడానికి కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ ఒక్కడు చాలు. 1949లో ఆ వేదికెక్కిన అతను విరహగీతాలూ భక్తిగీతాలూ ఒకే ఆర్తితో రాశాడు. నేటికీ శ్రోతలు కూర్చునేది చర్చి నాటి పొడవాటి చెక్క బల్లల మీదే.

1974లో ఆప్రీ కొత్త భవనానికి మారినప్పుడు, రైమన్ వేదిక నుంచి ఆరడుగుల గుండ్రటి చెక్కను కోసి కొత్త వేదిక మధ్యలో అమర్చారు. 2010 వరదలో అది మునిగింది. దాన్ని ఆరబెట్టి, బాగుచేసి, మళ్లీ అక్కడే బిగించారు. కొత్త చెక్క వేసినా పాటకు లోటు రాదు కదా అని తర్కం అడుగుతుంది. నిజమే, మహిమ కలపలో లేదు. కానీ మనిషి జ్ఞాపకానికి ఒక ఆనవాలు కావాలి. హ్యాంక్ పాటను నేరుగా విననివారు కూడా ఆ చెక్క మీద నిలబడ్డప్పుడు తమకు ముందు పాడినవారి వరుసలో చేరుతున్నారు. ఆ చేరికనే పవిత్రత అనడం న్యాయం.