ఉత్సాహానికి మార్కులు

నాకు డాక్టరేట్ రావడానికి ఆరేళ్ళు పట్టింది. తరగతి గదిలో ఉత్సాహంగా పాఠం చెప్పగలనని ధ్రువీకరించే పత్రం రెండు నెలల్లో చేతికొచ్చింది. జీతం కొంచెమైనా పెరిగింది ఈ రెండోదాని వల్లే. కావలిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెబుతూ సాయంత్రాలు పరిశోధన చేసుకునే నాలాంటి వాళ్ళకి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. డిగ్రీ కాలేజీల్లో పోస్టుల సంగతి ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పక్కర్లేదు.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే ఉంది. ఒక మనిషి దగ్గర ఉత్సాహాన్ని ఉద్యోగ ధర్మంగా అడగవచ్చా? వేళకి రావడం, సిలబస్ పూర్తిచెయ్యడం, పిల్లల్ని కొట్టకపోవడం, ఇవన్నీ అడగవచ్చు. సంతోషంగా ఉండటాన్ని, కనీసం అలా కనబడటాన్ని కూడా అలాగే అడిగి, మార్కులు వేసి, సర్టిఫికేట్ ఇవ్వవచ్చా? ఈ ప్రశ్నని పక్కన పెట్టి నా పని నేను చూసుకునేదాన్నేమో. కానీ సర్టిఫికేట్ వచ్చినవాళ్ళు మిగతా టీచర్ల తరగతులు చూసి ఫారాలు నింపాలని స్కూలు నిర్ణయించింది. ఇకమీదట సాటి ఆడవాళ్ళ ఉత్సాహానికి మార్కులు వెయ్యాల్సింది నేనే.

ముందు పద్ధతి గురించి చెప్పాలి. మాకు శిక్షణ ఇచ్చిన సంస్థ తనదైన పేరొకటి పెట్టుకుంది గానీ, అందులోని ముఖ్యమైన మెళకువలన్నీ 'హోల్ బ్రెయిన్ టీచింగ్' నుంచి వచ్చినవే. 1999లో దక్షిణ కాలిఫోర్నియాలో క్రిస్ బిఫిల్ అనే ఆయన మరి కొందరు టీచర్లతో కలిసి దీన్ని మొదలుపెట్టాడు. ఆయన కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే మనిషి. టీచరు 'క్లాస్' అంటుంది, పిల్లలందరూ 'యస్' అంటారు. ఆమె సాగదీస్తే వాళ్ళూ సాగదీయాలి, గుసగుసగా అంటే గుసగుసగానే పలకాలి. 'మిర్రర్' అంటే ఆమె చేతులు ఎలా కదిలితే వాళ్ళ చేతులూ అలా కదలాలి. రెండు వాక్యాలు చెప్పి 'టీచ్' అంటే, 'ఓకే' అని పక్కవాళ్ళ వైపు తిరిగి ఆ రెండు వాక్యాలనే చేతులు తిప్పుతూ ఒకరికొకరు చెప్పుకోవాలి. బోర్డు మీద ఒకవైపు నవ్వు ముఖం, ఇంకోవైపు ఏడుపు ముఖం, కింద పాయింట్లు. పేరులో ఉన్న మెదడు శాస్త్రం నన్ను పెద్దగా ఒప్పించలేదు. మెళకువలు మాత్రం పనిచేస్తాయి.

నిజంగానే పనిచేస్తాయి. మా ఎనిమిదో తరగతిలో తుమ్మలపెంట వైపు నుంచి ఆటోలో వచ్చే ఒకమ్మాయి ఆరు నెలలు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ప్రశ్న అడిగితే లేచి నిలబడి బల్ల కేసి చూసేది. 'టీచ్' మొదలుపెట్టిన వారంలోపే పక్కపిల్లకి సవర్ణదీర్ఘ సంధి చెబుతోంది, రెండు అరచేతులూ దగ్గరికి తెచ్చి ఒకటిగా కలిపి చూపిస్తూ. అందరూ ఒకేసారి మాట్లాడుతున్న గదిలో ఎవరి గొంతూ విడిగా వినబడదు. ఆ రక్షణ ఆ పిల్లకి అవసరమైంది. ఇంట్లో నాలుగు మాటలు గట్టిగా అంటే "ఏందా అరుపులు" అనిపించుకునే ఆడపిల్లలకి బళ్ళో గొంతెత్తడానికి అనుమతి దొరకడం చిన్న విషయం కాదు. నా సంగతీ చెప్పుకోవాలి. సాహిత్యం చదువుకున్న మనకి శరీర రాజకీయాల గురించి వ్యాసాలు రాయడం వచ్చు. పాఠం చెప్పేటప్పుడు మాత్రం పుస్తకం చాటున నిలబడతాం. నా చేతుల్ని పుస్తకం చాటునుంచి బయటికి తీయించింది ఈ శిక్షణే.

అయితే 'మిర్రర్' దగ్గర నాకు బుర్రకథ గుర్తొచ్చింది. పిలుపూ బదులూ మనకి కొత్తవి కావు. కథకుడు తంబూరా మీటుతూ ఒక చరణం అంటే రెండు పక్కలా ఉన్న వంతలు అందుకుంటారు. అందుకోవడంతో వాళ్ళ పని అయిపోదు. ఒకరు హాస్యపు వంత, ఇంకొకరు రాజకీయపు వంత. కథ మధ్యలో అడ్డం పడతారు, అనుమానాలు అడుగుతారు, వెటకారం చేస్తారు, ధరల గురించో పాలకుల గురించో ఒక మాట విసురుతారు. 1940లలో ప్రజానాట్యమండలి దళాలు ఊళ్ళు తిరిగినప్పుడైనా, ఆ తర్వాత షేక్ నాజర్ కథ చెప్పినప్పుడైనా జనాన్ని రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టినవాటిలో ఈ అడ్డు తగలడం ఒకటి. మిర్రర్‌లో అడ్డు తగలడానికి చోటు లేదు. వీధిబడిలో ఎక్కాలు వల్లెవేయించిన పంతులు చేతిలో బెత్తం ఉండేది, ఇక్కడ బోర్డు మీద నవ్వు ముఖం ఉంది. పిల్లలకి ఇది మెరుగే, సందేహం లేదు. ఒకే ఒక్క జవాబున్న పిలుపు మాత్రం అక్కడా ఇక్కడా అదే. పిల్ల 'నో' అంటే ఏం చెయ్యాలని శిక్షణలో అడిగాను. అందరూ నవ్వారు. శిక్షకుడూ నవ్వి, "మంచి ఎనర్జీ మేడమ్" అన్నాడు.

(తనతో కబుర్లాడటమే చదువని శిష్యుణ్ణి నమ్మించిన గిరీశానికి ఈ శిక్షణలో మొదటి ర్యాంకు వచ్చేదని మా బ్యాచ్‌లో ఒక జోకు.)

ఇక మార్కుల ఫారం. పది అంశాలు. పిల్లలకి ఏం వచ్చింది అన్నది వాటిలో ఒకటి. మిగతావి టీచరు గొంతు, ముఖం, చేతులు, గదిలో తిరగడం, నవ్వు వగైరా. చివర 'ఎనర్జీ' అని విడిగా పది మార్కులు. 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ 'ది మేనేజ్డ్ హార్ట్' రాసి, విమానాల్లో పనిచేసే స్త్రీల చిరునవ్వుని శ్రమగా లెక్కలోకి తెచ్చింది. పైపైన నటించడం వేరు, ఆ భావాన్ని లోపల నిజంగానే పుట్టించుకోవడం వేరు, ఉద్యోగం ఆ రెండోదాన్ని కూడా అడుగుతుంది అని ఆమె చూపించింది. మా శిక్షకుడు ఆ పుస్తకం చదివాడో లేదో గానీ పదే పదే అన్నది అదే: "నటించొద్దు, మనసులోంచి రావాలి." నటించమంటే నాకు పేచీ లేదు. అది మాట్లాడుకుని ఒప్పుకున్న పని, గంట కొట్టగానే విప్పి పక్కన పెట్టొచ్చు. మనసులోంచి రావాలి అనేటప్పటికి గంట కొట్టాక కూడా నాదంటూ ఏం మిగులుతుందన్న ప్రశ్న వస్తుంది.

మా స్టాఫ్ రూములో పద్నాలుగు మందిలో పదకొండుగురం ఆడవాళ్ళం. నాలుగున్నరకి లేచి, నీళ్ళు పట్టి, టిఫిన్లు చేసి, క్యారేజీలు కట్టి ఎనిమిదింటికల్లా బళ్ళో ఉంటాం. ముఖం మీద నవ్వు ఉంచుకోవడంలో మాకు శిక్షణ పుట్టినప్పట్నుంచీ జరుగుతూనే ఉంది. దాన్నే మళ్ళీ రుసుము కట్టి నేర్చుకోమన్నారు. "నా మనసు కూడా టైంటేబుల్లో వేశారా ఏంది?" అంది సోషల్ మేడమ్. అప్పటికి నవ్వుకున్నాం గానీ, ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతోంది.

నేను చూడాల్సిన మొదటి తరగతి మా హిందీ మేడమ్‌ది. ఆమెకి యాభై నాలుగేళ్ళు. మోకాళ్ళ నొప్పులు, కుర్చీలో కూర్చునే చెబుతుంది. గొంతు చిన్నది. ఆ రోజు ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్' కథ. చేతిలో ఉన్న మూడు పైసలతో హామిద్ మిఠాయిలూ బొమ్మలూ కొనుక్కోకుండా, రొట్టెలు కాల్చేటప్పుడు నానమ్మ వేళ్ళు కాలుతున్నాయని పట్టకారు కొంటాడు. అక్కడికొచ్చి మేడమ్ ఆగి, మీరైతే ఏం కొంటారని తెలుగులోనే అడిగింది. బ్యాట్ అన్నారు, సెల్ అన్నారు. మూడో వరసలో ఒక పిల్ల, "గ్లౌజులు కొంటా టీచర్" అంది. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో ఒలుపు పనికి పోతుందట. వేళ్ళు కోసుకుపోతాయట. అక్కడ ఇచ్చేవి రెండు రోజులకే చిరిగిపోతాయట. మేడమ్ కాసేపు ఏమీ అనలేదు. పిల్లలూ ఏమీ అనలేదు. ఇంకో పిల్లాడు, అరిచేవాడు, ఈసారి చెయ్యెత్తి, "మా అమ్మకీ" అన్నాడు. ఆ పీరియడ్‌లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా చేతిలోని ఫారం ప్రకారం ఆ తరగతికి ఎనర్జీ లేదు.

అసలీ ఎనర్జీ ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసుకోవడానికి నెల్లూరు జిల్లా వాళ్ళం ఎంతో దూరం వెళ్ళక్కర్లేదు. 1991లో ఇక్కడ 'అక్షర దీపం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. కళాజాతాలు ఊరూరూ తిరిగాయి, పాటలూ ఆటలూ నాటికలూ అన్నీ ఉన్నాయి. రాత్రిబళ్ళు నడిపింది జీతం లేని వాలంటీర్లు. కూలి పని చేసి వచ్చిన ఆడవాళ్ళు ఆ బళ్ళలో కూర్చున్నారు. వాచకంలో 'సీతమ్మ కథ' ఉంది, సారా ఇంట్లోకి తెచ్చే కష్టాల కథ. కావలికి పడమట కలిగిరి మండలంలో ఉన్న దూబగుంట స్త్రీలు తమ ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ సంగతి 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై మళ్ళీ వాచకంలోకెక్కింది. దాన్ని చదివిన ఊళ్ళలో, మనం ఎందుకు చెయ్యకూడదని మరి కొందరు లేచారు. 1992లో జిల్లా అంతా పాకింది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని సడలించారన్నది వేరే కథ. చదువొక్కటే ఆ ఉద్యమాన్ని పుట్టించిందని అంటే అతి అవుతుంది. కూలి డబ్బులు సారా కొట్టుకి పోవడం ఆ ఆడవాళ్ళకి ఏ వాచకమూ చెప్పకముందే తెలుసు. తమకి తెలిసినదాన్ని అచ్చులో చూసుకుని, పదిమందిలో పైకి చదివే చోటు మాత్రం ఆ బడి ఇచ్చింది.

ఆ రోజుల్లో వాలంటీరుగా పనిచేసిన ఒకామెని మీరు పాఠం ఎలా చెప్పేవాళ్ళని అడిగాను. "నేనేం చెప్పేదమ్మా, నాకు పాటలు రావు, సిగ్గు. లాంతరు ఎగదోస్తా కూచునేదాన్ని. వాళ్ళే మాట్లాడుకునేవాళ్ళు" అంది. మా ఫారంలో ఆమెకి ఎన్ని మార్కులు వస్తాయో మీరే లెక్క వేసుకోండి.

బెల్ హుక్స్ 1994లో 'టీచింగ్ టు ట్రాన్స్‌గ్రెస్'లో తరగతి గదిలో ఉద్వేగాన్ని గట్టిగా సమర్థించింది. విశ్వవిద్యాలయాలు దాన్ని అల్లరిగా చూసి భయపడతాయని ఫిర్యాదు చేసింది. అయితే ఆ ఉద్వేగాన్ని టీచరు ఒక్కతే తయారు చెయ్యలేదని, గదిలో ఉన్నవాళ్ళు ఒకరి మాట మీద ఒకరు నిజంగా ఆసక్తి పెడితేనే అది పుడుతుందని కూడా ఆమె అంది. చురుకైన తరగతి గురించి మాట్లాడేవాళ్ళు మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేస్తారు. తెలుగు టీచర్లు చాలామంది ఇష్టంగా చదివిన 'రైలుబడి'లో హెడ్మాస్టరు కొబయాషి మొదటిరోజు చేసిన పని గుర్తుందా? టోటోచాన్ చెప్పేదంతా నాలుగు గంటలపాటు కూర్చుని విన్నాడు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ళు పల్లెబడుల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతిలోనూ పిల్లలు తిరుగుతుంటారు, టీచరు ఒక గుంపుతో కింద కూర్చుని ఉంటుంది. అక్కడ చురుకుదనం పిల్లల వైపుకి జరిగింది. వినడానికి ఒంట్లో ఎంత శక్తి కావాలో ఏ తల్లినడిగినా చెబుతుంది, కానీ అది కంటికి కనబడదు, వీడియోలో పడదు.

ఇంతమాత్రాన సర్టిఫికేట్లే వద్దని అనలేను. ఆ మాట అనడం పర్మనెంటు ఉద్యోగం ఉన్నవాళ్ళకి సులువు. విద్యాహక్కు చట్టాన్ని 2017లో సవరించి, శిక్షణ లేని టీచర్లు 2019 మార్చి 31 లోపు డిప్లొమా పూర్తిచెయ్యాలన్నప్పుడు, ప్రైవేటు బళ్ళలో ఏళ్ళ తరబడి చిన్న జీతాలకి పాఠాలు చెబుతున్న ఆడవాళ్ళు రాత్రిళ్ళు కూర్చుని అసైన్‌మెంట్లు రాయడం చూశాను. కాగితం చేతికొచ్చాక ఒకామె, "ఇప్పుడు నేను టీచర్ని, ఊరికే పోయొచ్చేదాన్ని కాదు" అంది. పిల్లల్ని సముదాయించడం ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన ఓపిక అని చెప్పి మన పనిని ఉచితంగా వాడుకున్న లోకంలో, అది నేర్చుకున్న నైపుణ్యమని ఒక కాగితం చెప్పడం నాకూ కావాలి. 'టీచ్-ఓకే' నడపడం వచ్చని రాయండి, నిజమే, నేర్చుకున్నాను. నా ఉల్లాసం నిఖార్సయినదని రాయకండి. మొదటిది నా పని గురించి. రెండోది నా గురించి, దాన్ని తనిఖీ చేసే అధికారం యాజమాన్యానికి లేదు.

సాటి టీచరు మీద ఆ అధికారం నాకూ లేదు. కానీ ఫారం నా బల్ల మీదే ఉంది. ఎనర్జీ గడి ఖాళీగా వదిలేస్తే మొత్తంలో పది తగ్గుతాయి, హిందీ మేడమ్ ఇంక్రిమెంటు ఆగిపోతుంది. నా సూత్రం కోసం ఆమె జీతాన్ని పణంగా పెట్టే హక్కు నాకెక్కడిది? పది వేసేస్తే ఆమె గట్టెక్కుతుంది, గడి మాత్రం అలాగే ఉండి వచ్చే ఏడాది ఇంకొకరి మెడకి చుట్టుకుంటుంది. రెండు రోజులు ఆలోచించి ఆమెతోనే చెప్పాను. "పది వేసెయ్ తల్లీ, నీకెందుకు తలనొప్పి. నా మోకాళ్ళ గురించి మాత్రం అందులో ఏం రాయబాక" అంది.

పది వేశాను. రిమార్కుల చోట ఆ పిల్ల గ్లౌజుల గురించి అన్న మాట, ఆ తర్వాత గది ఎంతసేపు మౌనంగా ఉందో రాశాను. మోకాళ్ళ గురించి రాయలేదు. ఆ గడిని ఫారం నుంచి తీసెయ్యమని వేరే కాగితం మీద విన్నపం రాసి స్టాఫ్ రూములో పెట్టాను. పదకొండుగురిలో ఏడుగురు సంతకం పెట్టారు. మగవాళ్ళలో ఒకరు పెట్టారు. హిందీ మేడమ్ పెట్టలేదు, రిటైరయ్యేదాకా తన పేరు ఏ కాగితం మీదా వద్దంది. రెండు కాగితాలూ ప్రిన్సిపాల్ గదిలో ఉన్నాయి. ఇంక్రిమెంట్ల జాబితా జూన్‌లో వస్తుంది.