నాగటి చాలులో దొరికిన అమ్మ

ఏరువాక పున్నమి వీడియో చూసి చాలామంది అడిగారు, "సిటీలో ఉండే మేము ఆ రోజు ఏం చేయాలి?" అని.

జనక మహారాజు యజ్ఞం కోసం భూమి దున్నుతుంటే సీతమ్మ దొరికింది. సీత అంటేనే నాగటి చాలు. ఆయన ఎంత రాజైనా, అమ్మ దొరికింది నాగలి పట్టినప్పుడే కదా!

మనలో చాలామందికి ఊళ్లో నాన్నగారి పొలం ఉంటుంది. దాన్ని దున్నేది మాత్రం కౌలు రైతు. పాస్‌బుక్ మన పేరున ఉంటుంది కాబట్టి బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం ఆయనకు అందడం కష్టం. చివరికి వడ్డీకి తెచ్చుకుంటాడు.

ఆంధ్రాలో 2019లో వచ్చిన చట్టం సాగుదారుకు 11 నెలల హక్కు పత్రం ఇస్తుంది. దానికి యజమాని సంతకం కావాలి. మా పొలం చేసే పెద్దాయన అడిగితే, భూమి పోతుందేమోనని నేనూ రెండేళ్లు దాటవేశాను. ఆ పత్రంతో యాజమాన్య హక్కు పోదని తెలిశాక, దీపం ముందు కూర్చోవడానికే సిగ్గేసింది. వెళ్లి సంతకం పెట్టాను.

ఈ ఏరువాకకి మీరూ ఊరికి ఒక ఫోన్ చేయండి. మీ పొలం దున్నే ఆయనకు ఏం కావాలో అడగండి. భూమాతకు అదే పూజ.

సీతారాములు మనందరినీ చల్లగా చూడాలి.