మూడడుగుల గుంత

పుంగనూరు దగ్గర ఒక పల్లెలో ఒక పెద్ద రైతు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కూతుళ్లు. పెద్దదాన్ని మదనపల్లె వైపు, నడిపిదాన్ని కుప్పం వైపు ఇచ్చి, చిన్నదాన్ని ఉన్న ఊళ్లోనే ఇచ్చాడు. అల్లుళ్లు ముగ్గురికీ తలా నాలుగెకరాల మెట్టచేను ఉంది. మూడు చేలూ ఒకే తీరు: పైన ఎర్రటి ఇసుక మన్ను, అడుగున బంకమన్ను.

పెళ్లినాడు మామ ఒక్కొక్క అల్లుడి చేతిలో ఒక గడ్డపార పెట్టి ఒకటే మాట చెప్పాడు.

"నాయనా, సేద్యానికి దిగేముందు చేన్లో మూడడుగుల గుంత తవ్వి చూడు. చూసినాక ఏం పెట్టుకుంటావో నీ ఇష్టం."

పెద్దల్లుడు గుంత తవ్వలేదు. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటైన మదనపల్లె మార్కెట్ అతని ఊరికి పక్కనే ఉంది. ముందుగా నాటినవాడికే ధర దక్కుతుందని అతని తొందర. "ఇసుకనేలని చూస్తేనే తెలుస్తా ఉందే, ఇంక తవ్వేదేముంది? ఎన్ని నీళ్లు పెట్టినా తాగేస్తుంది" అనుకొని టమోటా నాటాడు. పొద్దున తడి పెడితే మధ్యాహ్నానికి పైమన్ను పొడిపొడిగా కనిపించేది. వేళ్లతో తాకి చూసి మళ్లీ బోరు మోటారు వేసేవాడు. ఆ నీళ్లు ఇసుకలోంచి దిగి బంకమన్ను మీద నిలబడిపోతున్నాయని అతనికి తెలియదు. వేర్లకు గాలి ఆడక ఆకులు పసుపురంగుకు తిరిగాయి, చెట్లు వాడాయి. నీళ్లు చాలక వాడాయనుకొని ఇంకా పెట్టాడు. చివరికి ఒక చెట్టు పెరికి చూస్తే వేర్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. అప్పటికే సగం చేను పోయింది.

నడిపల్లుడు మామ మాట విని గుంత తవ్వాడు. అడుగున్నర లోతులో మన్ను మారింది. తడిపి పిసికితే చేతికి అంటుకొని ముద్ద కట్టింది. అతనికి సంబరమైంది. "సత్తువంతా కింద దాక్కొని ఉంది. పైన పనికిరాని ఇసుక పేరుకొని ఉంది. దీన్ని తిరగేస్తే నాది బంగారు చేను" అని ట్రాక్టరుకు రెక్క నాగలి కట్టించి లోతుగా దున్నించాడు. కింది బంకమన్ను పెళ్లలు పెళ్లలుగా పైకొచ్చింది, ఇసుక అడుక్కు పోయింది. తొలకరికి చెనిక్కాయ (వేరుశనగ) విత్తాడు. ఒక గట్టి వాన కురిసి మూడు రోజులు ఎండ కాసేసరికి చేనంతా పెచ్చు కట్టింది. మొలక ఆ పెచ్చును పగలగొట్టుకొని రాలేక లోపలే మెలికలు తిరిగిపోయింది. పైకొచ్చిన చెట్లకు పూత బాగానే పట్టింది కానీ, పూతనుంచి దిగిన ఊడలు గట్టినేలలోకి దిగలేక గాల్లోనే ఎండాయి. పట్టిన నాలుగు కాయలూ పీకేటప్పుడు తెగి నేలలోనే ఉండిపోయాయి. కూలీలు కొంకి తీసుకొని తవ్వి ఏరితే, ఏరిన కూలికి కూడా ఆ కాయలు చాలలేదు.

చిన్నల్లుడూ గుంత తవ్వాడు. తవ్వి ఊరుకోలేదు, గుంత పక్కనే కూర్చున్నాడు. పైమన్ను మీద ఒక చెంబు నీళ్లు పోస్తే క్షణంలో ఇంకాయి. గుంత అడుగున బిందెడు పోస్తే మర్నాటి పొద్దుటికి కూడా తడి నిలిచే ఉంది. గుంత గోడకు అంటుకున్న పాత వేర్లను గోటితో గీకి చూశాడు. చెనిక్కాయ వేర్లు చాలావరకు ఇసుకపొరలోనే అల్లుకొని, బంకమన్ను తగిలినచోట పక్కకు తిరిగి ఉన్నాయి. నిరుడు గట్టున మొలిచిన ఒక కంది మోడు వేరు మాత్రం బంకమన్నులో ఒక పగులు పట్టుకొని నిలువునా దిగిపోయి ఉంది.

అతను మామ దగ్గరికి పోయాడు.

"మామా, నా చేన్లో రెండు నేలలున్నాయి. ఒకటి నీళ్లను లోపలికి రానిస్తుంది, ఇంకొకటి పోనీకుండా పట్టుకుంటుంది. కింద పగులుంటే కందివేరు పోతా ఉంది. నేను పగుళ్లు చేయాల, అంతేనా?"

మామ నవ్వి, "పగలగొట్టు నాయనా, పైకి మాత్రం తేవద్దు" అన్నాడు.

ఎండాకాలంలో బంకమన్ను ఎండి గట్టిగా ఉన్నప్పుడు చిన్నల్లుడు ఉలి నాగలి తోలించాడు. ఆ నాగలి మన్నును తిరగెయ్యదు, లోపల పగుళ్లిచ్చి పోతుంది. ఇసుక కొట్టుకుపోకుండా వాలుకు అడ్డంగా దున్ని గెనిమలు ఎత్తాడు. ఊరిచెరువు ఎండినప్పుడు ఒండ్రుమట్టి తోలించి, తన పొట్టి ఆవుల పెంటతో కలిపి పైపొరలో పలచగా చల్లాడు. చేనుకు పల్లంవైపు బంకమన్ను మందంగా ఉన్నచోట ఒక నీటికుంట తవ్వాడు. ఏడు సాళ్లు చెనిక్కాయ, ఒక సాలు కంది విత్తాడు.

ఆ ఏడు శ్రావణంలో బెట్ట వచ్చింది. కుంటలో నిలిచిన నీళ్లతో చెనిక్కాయకు ఒక తడి ఇచ్చి కాపాడుకున్నాడు. పీకేనాటికి గుల్లగా ఉన్న ఇసుకపొరలోంచి చెట్టు కాయలతో సహా ఊడి వచ్చింది. చెనిక్కాయ ఇంటికి చేరాక కంది ఒంటరిగా నిలబడింది. కార్తీకపు వానలు పగుళ్లలోకి దిగి బంకమన్నులో దాక్కున్నాయి. పైమన్ను ఎండిపోయినా కంది ఆ తడి తాగి పూసింది, కాసింది.

సంక్రాంతికి ముగ్గురు అల్లుళ్లూ మామ ఇంటికొచ్చారు. పెద్దల్లుడు కుళ్లిన టమోటా గోడు చెప్పుకున్నాడు. నడిపల్లుడు, "నేను మీ మాట విన్నాను గదా మామా, తవ్వినాను గదా, నాకెందుకిట్లయింది?" అని నిలదీశాడు.

మామ అన్నాడు: "పెద్దాయన పైది చూసి అంతా ఇదే అనుకున్నాడు. నువ్వు కిందిది చూసి పైదాన్ని చులకన చేసినావు. చిన్నాయన రెండింటినీ చూసి, దేని పని దానికిచ్చినాడు. నేల ముగ్గురికీ ఒకటే. గుంత తవ్వేది బంగారం కోసం గాదు నాయనా, ఏ మన్ను ఏ పని చేస్తా ఉందో తెలుసుకోడానికి."

నీతి: పైకి కనిపించేదే అంతా అనుకున్నవాడూ నష్టపోతాడు, లోపల దొరికినదాన్ని తెచ్చి పైన కూర్చోబెట్టినవాడూ నష్టపోతాడు. దేన్ని దాని చోట ఉంచి దాని పని చేయించుకున్నవాడే బాగుపడతాడు.

ఈ నీతి మన మెట్టప్రాంతానికి అక్షరాలా వర్తిస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో, మైసూరు పీఠభూమి అంచున ఉన్నాయి. ఇక్కడి గ్రానైట్, నైస్ రాళ్లు వేల, లక్షల ఏళ్లుగా చితికి ఈ నేల అయ్యాయి. వాననీరు సన్నటి బంకరేణువులను కిందికి దించుకుపోయింది, ముతక ఇసుక పైన మిగిలింది, ఇనుము తుప్పు దానికి ఎరుపు రంగునిచ్చింది. ఇలాంటి నేలలను శాస్త్రవేత్తలు ఆల్ఫిసాల్స్ అంటారు. పైపొరలో నత్రజని, సేంద్రియ పదార్థం తక్కువ. అందుకే పెంట, చెరువుమట్టి ఈ నేలకు ప్రాణం. వేరుశనగకు మాత్రం ఈ గుల్లనేల బాగా అనువు. ఊడలు సులువుగా దిగుతాయి, కాయ శుభ్రంగా వస్తుంది. తొలిపూత సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయకు కావలసిన సున్నం, గంధకం అందుతాయి. అడుగునున్న బంకమన్ను కరువునాడు తేమ దాచిపెడుతుంది. మన పూర్వీకులు ఈ సీమలో ఇన్ని చెరువులు కట్టగలిగారంటే నీటిని నిలిపే ఈ మన్ను కూడా ఒక తోడు. ఆ పైపొర వానకు కొట్టుకుపోతే మళ్లీ తయారు కావడానికి మనిషి ఆయుష్షు చాలదు. గెనిమ తెగనివ్వడమంటే ఆస్తి పోగొట్టుకోవడమే.

రైతు సోదరులకు ఒక్క మనవి. భూసార పరీక్షకు మామూలు పైర్లకైతే జానెడు లోతు మట్టి మాత్రమే తీస్తారు. ఆ పరీక్ష చాలా అవసరం, తప్పక చేయించండి. కానీ అది మీ చేను పైపొర గురించే చెబుతుంది. కాబట్టి టమోటా నాటేముందు, మామిడి పెట్టేముందు, మల్బరీ వేసేముందు, ముఖ్యంగా ఇంకో బోరుకు అప్పు చేసేముందు, చేను మెరకన ఒకటి, పల్లాన ఒకటి మూడడుగుల గుంతలు తవ్వండి. నీళ్లు పోసి చూడండి. వేర్లు ఎక్కడ ఆగాయో చూడండి. ఆ రెండు పొరల మట్టినీ విడివిడి సంచుల్లో కలికిరి కృషి విజ్ఞాన కేంద్రానికో, దగ్గరలోని వ్యవసాయాధికారికో చూపించి అడగండి. దీనికి అయ్యే ఖర్చు ఒక పూట పని.